దశరథ జాతకం నుంచి రామకియెన్ వరకు: బౌద్ధ లోకంలో రామకథ

"రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగాడట" అన్న సామెత తెలుగునాట వినని వారుండరు. తెల్లవార్లూ హరికథ విని, మంగళహారతి వేళకు మొదటికొచ్చిన మందమతిని చూసి నవ్వడానికి పెద్దలు ఆ మాట పుట్టించారు. అయితే రామకథ నడిచిన దేశాల పటాన్ని ముందు పరచుకొని కూర్చున్నవారికి ఆ ప్రశ్న నవ్వులాటగా తోచదు. రాముడికి సీత భార్య అని వాల్మీకి చెబుతాడు. ముందు చెల్లెలు, తరువాత భార్య అని పాళీ జాతకం చెబుతుంది. రావణుడి కూతురని థాయ్, లావో కథకులు చెబుతారు. చైనా భాషలోకి వెళ్లిన ఒక బౌద్ధ కథలో సీత అసలే లేదు. ఆరుద్ర ఈ సామెతనే శీర్షికగా పెట్టుకొని ఒక పుస్తకం రాశాడంటే, ఆ ప్రశ్నలో ఎంత చరిత్ర దాగి ఉన్నదో ఊహించవచ్చు.

ధమ్మదీక్ష తీసుకున్న కుటుంబాలలో ఈ విషయం పాండిత్య చర్చగా మాత్రమే మిగలదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేడ్కర్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞలలో రెండవది, రామకృష్ణులను దైవావతారాలుగా విశ్వసించబోమని, పూజించబోమని. ఆ ప్రతిజ్ఞ చేసిన ఇంట్లోనే నాయనమ్మ ఊర్మిళ నిద్ర పాట పాడుతుంది. వీధి చివర శ్రీరామనవమి పందిరి లేస్తుంది. పిల్లవాడు బడి నుంచి వచ్చి రాముడి కథ అడుగుతాడు. ఆ పిల్లవాడికి ఏమి చెప్పాలి? ఆ కథ మనకు అక్కరలేదని కసరడం ఒక పద్ధతి. అసలు రామాయణం మనదే, ఇతరులు దొంగిలించారని ఉత్సాహంతో చెప్పడం మరొక పద్ధతి. ఈ రెండూ తొందరపాటు సమాధానాలే. ప్రతిజ్ఞ పూజను వదలమన్నది, చదవడాన్ని వదలమనలేదు. అంబేడ్కర్ స్వయంగా రామాయణాన్ని కూలంకషంగా చదివి, బౌద్ధుల రామకథలో సీత రాముడి సోదరి అన్న సంగతినీ ప్రస్తావించాడు. ఆయన మరణానంతరం 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం అచ్చువేసిన ఆ రచన ఎంత దుమారం రేపిందో మన పెద్దలకు గుర్తే. కనుక చదివి, పోల్చి, విచారించి చెప్పడమే మనకు తగిన మార్గం.

పాళీ కథలోని రామపండితుడు

పాళీ జాతకాలు 547. వాటిలో 461వది దశరథ జాతకం. 1871లో డెన్మార్క్ పండితుడు ఫౌస్‌బోల్ దానిని పాళీ మూలంతో, ఆంగ్లానువాదంతో కోపెన్‌హాగన్‌లో ప్రచురించాడు. అప్పటి నుంచి రామాయణ చర్చలో ఈ చిన్న కథ తప్పించుకోలేని సాక్షి అయింది.

సందర్భం జేతవనం. తండ్రి చనిపోయిన ఒక గృహస్థుడు దుఃఖంలో మునిగి తన పనులన్నీ విడిచిపెట్టి కూర్చుంటాడు. బుద్ధుడు అతని ఇంటికి వెళ్లి, పూర్వం జ్ఞానులు తండ్రి మరణాన్ని ఎలా స్వీకరించారో చెబుతానంటూ ఈ కథ ప్రారంభిస్తాడు. ఈ సందర్భాన్ని పక్కనపెడితే కథ అర్థం కాదు. ఇది రాజ్యం కోసమో, అపహరణకు గురైన స్త్రీ కోసమో చెప్పిన కథ కాదు. ఒక తండ్రి చనిపోయాడు, ఒక కొడుకు ఏడుస్తున్నాడు: ఇంతే దీని మూలం.

దశరథుడు వారణాసికి రాజు. పట్టమహిషికి రామపండితుడు, లక్ఖణుడు అని ఇద్దరు కొడుకులు, సీతాదేవి అనే కూతురు. ఆమె మరణించగా రాజు మరొకామెను పట్టమహిషిని చేస్తాడు. ఆమెకు భరతుడు పుడతాడు. సంతోషంలో ఇచ్చిన వరాన్ని ఆమె దాచుకొని, పిల్లవాడికి ఏడెనిమిదేళ్లు రాగానే రాజ్యం అడుగుతుంది. వాల్మీకి దశరథుడు ఇక్కడ సత్యపాశానికి కట్టుబడి కూలిపోతాడు. జాతక దశరథుడు మాత్రం ఆమెను గద్దించి పంపుతాడు. ఆమె మళ్లీ మళ్లీ అడగడంతో అతనికి భయం పట్టుకుంటుంది. ఈమె కుట్ర పన్ని పిల్లలను చంపించగలదని తలచి, కొడుకులను పిలిచి పొరుగు రాజ్యానికో అడవికో వెళ్లి ప్రాణాలు కాపాడుకొమ్మని, తన తదనంతరం వచ్చి రాజ్యం తీసుకొమ్మని చెబుతాడు. తన ఆయువెంతో జ్యోతిష్కులను అడిగితే పన్నెండేళ్లన్నారు గనుక పన్నెండేళ్ల గడువు పెడతాడు. అంటే వనవాసం ఇక్కడ శిక్ష కాదు, తండ్రి చేసిన రక్షణోపాయం. సీత తానై అన్నల వెంట బయలుదేరుతుంది. ముగ్గురూ దక్షిణాన దండకకు వెళ్లరు, ఉత్తరాన హిమాలయాలకు వెళతారు.

జ్యోతిష్కుల లెక్క తప్పుతుంది. పుత్రశోకంతో దశరథుడు తొమ్మిదో ఏటనే కన్నుమూస్తాడు. తల్లి కోరినా, మంత్రులు ఒప్పుకోరు. భరతుడు కూడా రాజ్యం అన్నదేనంటూ సేనతో అడవికి వస్తాడు. ఆ సమయానికి ఆశ్రమంలో రామపండితుడొక్కడే ఉంటాడు. మరణవార్త చెప్పి భరతుడు కాళ్లమీద పడి ఏడుస్తాడు. రామపండితుడు దుఃఖించడు, కంట తడిపెట్టడు. సాయంకాలం లక్ఖణుడూ సీతా పండ్లు కోసుకొని తిరిగివస్తారు. వీరు పసివారు, ఒక్కసారిగా వింటే గుండె పగులుతుందని ఆలోచించి, ఆలస్యంగా వచ్చినందుకు శిక్ష అన్న నెపంతో రాముడు వారిని కొలనులో నిలబెట్టి అప్పుడు వార్త చెబుతాడు. వారు మూర్ఛపోతారు. తెలివి వచ్చాక మళ్లీ వింటారు, మళ్లీ మూర్ఛపోతారు. మూడుసార్లు ఇలాగే జరుగుతుంది. చల్లని నీటిలో నిలబెట్టి చావు కబురు చెప్పిన ఆ అన్న జాగ్రత్త, రాముడి గురించి వచ్చిన ఎన్నో పద్యాలకంటే మనసుకు హత్తుకుంటుంది.

నువ్వెందుకు ఏడవలేదని భరతుడు అడిగిన ప్రశ్నకు సమాధానంగా వచ్చే అనిత్యతా బోధే ఈ జాతకానికి ఆయువుపట్టు. ఎంత విలపించినా నిలుపుకోలేనిదాని కోసం తెలివైనవాడు తనను తాను ఎందుకు దహించుకోవాలి? చిన్నవాడు, పెద్దవాడు, మూఢుడు, పండితుడు, ధనికుడు, దరిద్రుడు అందరి గమ్యం ఒక్కటే. పండిన పండుకు రాలడం ఎలాగో పుట్టినవాడికి చావు అలాగే. విన్నవారి శోకం తీరుతుంది. అయినా రాముడు తిరిగిరాడు. పన్నెండేళ్ల తరువాత రమ్మని తండ్రి అన్నాడు, ఇంకా మూడేళ్లున్నాయి. తన గడ్డి చెప్పులు ఇచ్చి పంపుతాడు. ఆ చెప్పులను సింహాసనం మీద పెట్టి మంత్రులు న్యాయం చెబుతారు. తీర్పు తప్పితే చెప్పులు ఒకదానినొకటి కొట్టుకుంటాయి. తీర్పు సరిగ్గా ఉంటే మౌనంగా ఉంటాయి. మూడేళ్ల తరువాత రాముడు వచ్చి, సీతను పట్టమహిషిని చేసుకొని, పదహారు వేల ఏళ్లు ధర్మంగా పాలిస్తాడు.

కథ చివర సమోధానం ఉంది. ఆనాటి దశరథుడు శుద్ధోదనుడు, తల్లి మహామాయ, సీత రాహుల మాత, భరతుడు ఆనందుడు, లక్ఖణుడు సారిపుత్తుడు, రామపండితుడు బుద్ధుడు. జేతవన గృహస్థుడికి స్రోతాపత్తి ఫలం లభిస్తుంది. రావణుడు లేడు. లంక లేదు. వానరులు లేరు. చంపవలసిన శత్రువే ఈ కథలో లేడు. జయించవలసింది శోకం ఒక్కటే.

సీత సోదరి ఎలా అయింది?

అన్న చెల్లెలిని పెళ్లాడడం మన చెవికి ఎబ్బెట్టుగా తోస్తుంది. ఈ ఒక్క అంశాన్ని పట్టుకొని బౌద్ధులు రాముడిని కించపరచడానికి కథ మార్చారని ఆరోపించినవారున్నారు. ఆ ఆరోపణ నిలవదు. జాతకం రాముడిని బోధిసత్త్వుడిగానే చూపింది, సీతను రాహుల మాతగా చూపింది. తాము తథాగతుడి పూర్వజన్మగా తలచిన వ్యక్తిని ఎవరు కించపరుస్తారు?

దీని మూలం శాక్యుల వంశగాథలో దొరుకుతుంది. దీఘనికాయంలోని అంబట్ఠ సుత్తం ప్రకారం ఓక్కాక రాజు, అంటే ఇక్ష్వాకుడు, ప్రియమైన రాణి కొడుకుకు రాజ్యం ఇవ్వదలచి పెద్ద కొడుకులను దేశం నుంచి వెళ్లగొట్టాడు. వారు హిమాలయ పాదాన కొలను ఒడ్డున స్థిరపడి, వంశం కలుషితమవుతుందన్న భయంతో తమ సోదరీమణులతోనే సంసారం చేశారు. వారి సంతతే శాక్యులు. చిన్నరాణి కోరిక, పెద్ద కొడుకుల ప్రవాసం, హిమాలయం, సోదరితో వివాహం: దశరథ జాతకం చట్రమంతా ఇక్కడే ఉంది. ఒకే ఇక్ష్వాకు గాథ శాక్యుల ఇంట ఒక రూపం, కోసల గాయకుల నోట మరొక రూపం తీసుకున్నదనడం సమంజసంగా ఉంటుంది.

ఈ సుత్తాన్ని బుద్ధుడు ఎందుకు చెప్పాడో కూడా గుర్తుంచుకోవాలి. అంబట్ఠుడనే బ్రాహ్మణ యువకుడు శాక్యులను కులం పేరుతో తూలనాడాడు. అతని వంశమూలం ఓక్కాక రాజు దాసి దగ్గరకే వెళుతుందని బుద్ధుడు చూపించాడు. తోటివారు అంబట్ఠుడిని ఎగతాళి చేయబోతే, ఆ దాసి కొడుకు గొప్ప ఋషి అయ్యాడని చెప్పి వారిని వారించాడు. చివరకు విద్యాచరణాలు గలవాడే శ్రేష్ఠుడని తేల్చాడు.

తెలుగు నేలకు ఇక్ష్వాకు నామం కొత్తది కాదు. శాతవాహనుల తరువాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో, కృష్ణాతీరాన విజయపురి రాజధానిగా ఇక్ష్వాకులు పాలించారు. శాంతమూలుడు అశ్వమేధ వాజపేయాలు చేసిన వైదికుడు. అతని సోదరి శాంతిశ్రీ, వారింటి ఇతర స్త్రీలు నాగార్జునకొండ మహాచైత్యానికి దానాలు చేసిన ఉపాసికలు. అక్కడి ఒక శాసనం బుద్ధుడిని ఇక్ష్వాకు రాజర్షుల వంశంలో జన్మించినవాడిగా స్తుతిస్తుంది. అంటే మన ప్రాంతంలో ఇక్ష్వాకు వంశం పేరు చెబితే ఒక కాలంలో స్ఫురించిన మహాపురుషుడు శాక్యముని. నాగార్జునసాగర్ జలాశయం ఆ లోయను ముంచింది గాని ఆ అక్షరాలు మిగిలాయి.

ఏది ముందు?

జర్మన్ పండితుడు వెబర్ 1870లో దశరథ జాతకమే రామకథకు తొలిరూపమని, దానిపై వాల్మీకి పెంచి కట్టాడని వాదించాడు. మన ఉపన్యాసకులలో కొందరు ఈ మాటను నేటికీ ఉదహరిస్తారు. కాని అదే వెబర్ సీతాపహరణం, లంకాముట్టడి గ్రీకు కవి హోమరు ప్రభావమని కూడా ఊహించాడు. దానిని కాశీనాథ్ త్ర్యంబక్ తెలాంగ్ 1873లోనే ఖండించాడు. వెబర్ మాటలలో నచ్చినది తీసుకొని నచ్చనిది దాచడం నిజాయితీ కాదు. 1893లో యాకోబీ దీనికి ఎదురు వాదం చేసి, వాల్మీకి కావ్యమే ముందని, జాతకం దాని తరువాతిదని అన్నాడు.

నిదానంగా చూస్తే, జాతకంలో రెండు పొరలున్నాయి. గాథలు ప్రాచీనం. చుట్టూ ఉన్న వచన కథ క్రీ.శ. 5వ శతాబ్దం ప్రాంతంలో స్థిరపడిన అట్ఠకథ. పండిన పండు ఉపమానం జాతకంలోనూ ఉంది, సుత్తనిపాతంలోని సల్ల సుత్తంలోనూ ఉంది, వాల్మీకి అయోధ్యాకాండలో రాముడు భరతుడికి చెప్పే మాటలలోనూ ఉంది. రాముడి పాలనాకాలాన్ని చెప్పే శ్లోకం కూడా స్వల్ప భేదంతో రెండుచోట్లా కనిపిస్తుంది. రెండు సంప్రదాయాలూ జనం నోట ఆడుతున్న ఒకే గాథల నిధి నుంచి తీసుకున్నాయనడానికి ఇవి బలమైన ఆధారాలు. పాళీవారు సీతారాముల అరణ్యకథను బాగా ఎరిగినవారే. వెస్సంతర జాతకంలో మద్దీదేవి తనను రాముడిని అనుసరించిన సీతతో పోల్చుకుంటుంది. జయద్దిస జాతకం దండకారణ్యంలోని రాముడిని తలుస్తుంది. అందుచేత "మనదే మొదటిది" అన్న వాదనను చరిత్ర సమర్థించదు. "వాల్మీకిదొక్కటే అసలు కథ, తక్కినవి వికృతులు" అన్న వాదనను అంతకన్నా సమర్థించదు.

అదే కొలమానాన్ని మనకు వ్యతిరేకంగా వాడేవారికీ వర్తింపజేయాలి. అయోధ్యాకాండలో జాబాలితో వాదిస్తూ రాముడు బుద్ధుడిని దొంగతో పోల్చిన శ్లోకం ఒకటి ప్రచారంలో ఉంది. దానిని చూపి రాముడు బౌద్ధద్వేషి అని మనవారు, బుద్ధుడు నిందార్హుడని ఇతరులు వాదిస్తుంటారు. బరోడా ప్రాచ్యవిద్యాసంస్థ 1960-1975 మధ్య ప్రచురించిన సంశోధిత ప్రతి ఆ శ్లోకాన్ని మూలంలో చేర్చలేదు. అది తరువాతివారు చొప్పించినది. చొప్పించినవారి మనసు మాత్రం దాని వల్ల తెలుస్తుంది. బౌద్ధంతో వాదులాట వేడిగా సాగిన కాలంలో, పరమ పూజ్యుడి నోట ఆ మాట పెట్టవలసిన అవసరం ఎవరికో కలిగింది.

ఒక బాణం, రెండు కథలు

పోలికకు మరింత స్పష్టమైన ఉదాహరణ 540వ జాతకం, సామ జాతకం. మన ఊళ్లలో శ్రవణకుమారుడి కథ అంటే తెలియనివారు లేరు. వాల్మీకిలో ఆ పేరు లేదు; అంధులైన తాపసుల కొడుకు అని మాత్రమే ఉంది. యువకుడైన దశరథుడు చీకటిలో కడవ నిండే చప్పుడు విని ఏనుగనుకొని శబ్దవేధి బాణం వేస్తాడు. చనిపోతూ ఆ కుర్రవాడు తల్లిదండ్రుల కోసం విలపిస్తాడు. తాను ద్విజుడు కాదని, వైశ్యుడికి శూద్ర స్త్రీయందు పుట్టినవాడినని చెప్పి, బ్రహ్మహత్యాభయం అక్కరలేదని రాజుకు ధైర్యం చెబుతాడు. తండ్రి శపిస్తాడు. ఆ శాపమే తరువాత దశరథుడి పుత్రశోకమవుతుంది.

సామ జాతకంలో అంధ తాపసులు నిషాద పల్లెల నాయకుల ఇళ్లలో పుట్టినవారు. వేటాడే కులంలో పుట్టి ప్రాణిహింస ఒల్లక అడవికి వచ్చినవారు. వారి కొడుకు సాముడిని వారణాసి రాజు పిలియక్ఖుడు విషబాణంతో కొడతాడు. గాయపడిన సాముడు కోపగించడు. తన అమ్మానాన్నలను ఇక చూసేదెవరని మాత్రమే బాధపడతాడు. రాజు సిగ్గుపడి, వారిని నేను పోషిస్తానని మాట ఇచ్చి, నీటికడవ ఎత్తుకొని ఆశ్రమానికి వెళ్లి తన నేరం తానే చెప్పుకుంటాడు. తల్లిదండ్రులు శపించరు. కొడుకు శరీరం మీద చేతులు వేసి సత్యక్రియ చేస్తారు. విషం దిగుతుంది, సాముడు లేస్తాడు, వృద్ధులకు చూపు వస్తుంది, రాజు ధర్మబోధ వింటాడు.

రెండు కథలనూ పక్కపక్కన పెడితే ఒకటి స్పష్టమవుతుంది. ఒకచోట ప్రాణం పోతున్నవాడు కూడా తన కులం చెప్పుకొని రాజుకు ఊరట కలిగించవలసివచ్చింది. మరొకచోట కులం ప్రసక్తి కథ నడకను మార్చలేదు. నిషాద తాపసుల సత్యమే చచ్చినవాడిని లేపింది. ఒకచోట తప్పు శాపంగా మారి తరువాతి తరానికి సంక్రమించింది. మరొకచోట తప్పు ఒప్పుకోలుతో, క్షమతో అక్కడే ఆగింది. సాంచి మహాస్తూపం పశ్చిమ తోరణం మీద, అజంతా గోడల మీద ఈ జాతకాన్ని చెక్కి, చిత్రించినవారు ఆ తేడాను ఎరిగే చేశారనుకోవాలి.

సరిహద్దులు దాటిన కథ

భిక్షువులతో, వర్తకులతో కలసి రామకథ తూర్పుకూ ఉత్తరానికీ ప్రయాణించింది. సొగ్డియానా మూలాలున్న కుటుంబంలో పుట్టిన భిక్షువు కాంగ్ సెంగ్‌హుయి క్రీ.శ. 251 ప్రాంతంలో దక్షిణ చైనాలో వెలువరించిన జాతక సంకలనంలో పేర్లు లేని ఒక రాజు కథ ఉంది. మేనమామ సైన్యంతో దండెత్తివస్తే, నా ఒక్కడి కోసం ప్రజల రక్తం చిందకూడదని ఆ రాజు రాజ్యం విడిచి రాణితో అడవికి పోతాడు. తాపస వేషంలో వచ్చిన నాగుడు రాణిని ఎత్తుకుపోతాడు. అడ్డుపడిన పక్షి, రాజ్యం పోగొట్టుకున్న వానరరాజు, సముద్రం మీద వారధి అన్నీ ఇందులో ఉన్నాయి. రాణి శీలానికి నిదర్శనంగా భూమి పగులుతుంది, అగ్నిప్రవేశం లేదు. ఆ తరువాత ఆమెను విడిచిపెట్టడమూ లేదు. 472లో చైనా భాషలోకి వెళ్లిన మరొక సంకలనంలో దశరథుడి కథ ఉంది, నలుగురు కొడుకులున్నారు, పాదుకలున్నాయి, సీత మాత్రం లేదు. ఒక కథలో అయోధ్యాకాండ లేని అరణ్య, యుద్ధకాండలు. మరొక కథలో అయోధ్యాకాండ ఒక్కటే. రెండు వేరువేరు కథలు కలసి పెద్ద రామాయణమయ్యాయని భావించిన పండితులకు ఇవి బలమిచ్చాయి.

మధ్య ఆసియాలోని ఖోటాన్ శక భాషలో దొరికిన రామకథలో దశగ్రీవుడు ఓడినా ప్రాణాలతో బయటపడతాడు. చివర రామలక్ష్మణులను శాక్యముని, మైత్రేయులుగా గుర్తిస్తారు. లావోస్‌లో 'ఫ్రా లక్ ఫ్రా లామ్' అన్న పేరుతో మెకాంగ్ ఒడ్డున నడిచే కథ పూర్తిగా జాతకమే. చెప్పేవాడు బుద్ధుడు, రాముడు ఆయన పూర్వజన్మ, రావణుడు దేవదత్తుడు. కంబోడియాలోని 'రామ్‌కేర్తి'లో నారాయణావతారమైన రాముడికి బోధిసత్త్వ లక్షణాలు అమరాయి.

థాయిలాండ్ పద్ధతి విశిష్టమైనది. అక్కడి చక్రి వంశపు రాజులు రామ నామం ధరించారు. పాత రాజధాని అయుత్థయ పేరు అయోధ్య నుంచి వచ్చింది. మొదటి రామరాజు 1797 ప్రాంతంలో 'రామకియెన్' రచింపజేశాడు. బ్యాంకాక్‌లో మరకత బుద్ధుడి ఆలయ ప్రాకారం చుట్టూ ఆ కథ 178 కుడ్యచిత్రాలుగా నడుస్తుంది. రాముడు అక్కడ విష్ణు అవతారమే. అయినా గర్భాలయంలో కూర్చున్నది బుద్ధుడు, గోడమీద నడిచేది రాముడు. కావ్యం చివర ఆ రాజు, దీనిని సత్యమని భ్రమపడవద్దని, ఉత్సవాల కోసం కూర్చిన పాతకథగా తీసుకొని అనిత్యతను భావించమని పాఠకులకు సూచించాడు. బలవంతుడైన రాజు తాను రాయించిన మహాకావ్యం గురించే అలా అన్నాడంటే, ఆ దేశంలో ధమ్మం ఎంత లోతుకు ఇంకిందో తెలుస్తుంది.

రావణుడి పట్ల కూడా బౌద్ధ లోకానికి వేరే చూపుంది. లంకావతార సూత్రం ప్రథమాధ్యాయంలో లంకాధిపతి రావణుడు బుద్ధుడిని తన నగరానికి ఆహ్వానించి ధర్మప్రశ్నలు వేసే జిజ్ఞాసువు. శ్రీలంకలోని కెలనియలో విభీషణుడు బుద్ధశాసనాన్ని కాపాడే దేవతలలో ఒకడు. శత్రువుకు తల నరకడమే ముగింపు కాదని, అతడు శ్రోత కాగలడని ఈ సంప్రదాయం చెబుతుంది.

శంబూకుడి తల

ఈ పోలికలలో మనకు అత్యంత బాధాకరమైనది శంబూకుడి కథ. ఉత్తరకాండలో ఒక బ్రాహ్మణుడి కొడుకు అకాలంగా చనిపోతాడు. ఎక్కడో శూద్రుడు తపస్సు చేస్తున్నందువల్ల ఇలా జరిగిందని నారదుడు చెబుతాడు. రాముడు పుష్పకంలో వెదకివెళ్లి, తలకిందులుగా తపస్సు చేస్తున్నవాడిని కులమడిగి, నిజం చెప్పగానే తల నరుకుతాడు. దేవతలు పూలు కురిపిస్తారు. ఉత్తరకాండ వాల్మీకిది కాదని, తరువాతిదని పండితులు అంటారు. అది నిజమే కావచ్చు. అయినా శతాబ్దాలుగా దానిని పుణ్యకథగా చదివిన సమాజం ఉంది. ఆ సమాజంలో చదువుకోబోయినవాడి గతి ఏమయిందో మన తాతలు ఎరుగుదురు.

విమలసూరి ప్రాకృతంలో రాసిన జైన రామాయణం 'పఉమచరియం'లో శంబూకుడు చంద్రనఖ కొడుకు. ఖడ్గసిద్ధి కోసం తపస్సు చేస్తూ లక్ష్మణుడి చేతిలో ప్రమాదవశాత్తు చనిపోతాడు. శూద్రత్వమూ లేదు, శిక్షా లేదు. రావణుడిని చంపేది కూడా అందులో లక్ష్మణుడే, రాముడు అహింసాపరుడు. భవభూతి 'ఉత్తరరామచరితం'లో వధను మార్చలేక, చంపబడినవాడికి దివ్యరూపం ఇచ్చి, రాముడి చేయి వణికినట్లు చూపాడు. తెలుగులో త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుకవధ' నాటకంలో నేరుగా హతుడి పక్షాన నిలబడ్డాడు. కన్నడంలో కువెంపు 1944లో రాసిన 'శూద్ర తపస్వి'లో రాముడి బాణం తపస్విని వదిలి, ఫిర్యాదు చేసిన బ్రాహ్మణుడినే తరుముతుంది. నార్ల 'సీత జోస్యం'లో సీతే రాముడి అస్త్రాలను ప్రశ్నిస్తుంది. కథను మార్చడం అపచారమనేవారు గమనించవలసిందేమిటంటే, మనసున్న ప్రతి కవీ ఆ ఘట్టం దగ్గర తడబడ్డాడు.

నాయనమ్మ పాట

తిరిగి మన ఇంటికి వద్దాం. తెలుగు స్త్రీలు పాడుకునే రామాయణపు పాటలను పరిశీలించిన వెల్చేరు నారాయణరావు అందులో పురుషుల పురాణంలో లేని రామాయణాన్ని చూపించాడు. వాటిలో ఒకటి: శూర్పణఖ తాపసి వేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమని సీతను బతిమాలుతుంది. సీత ఎన్నడూ తలెత్తి అతనిని చూడలేదు గనుక కాలి బొటనవేలు ఒక్కటే గీయగలుగుతుంది. తక్కినది శూర్పణఖ పూర్తిచేస్తుంది. ఆ బొమ్మ సీతను వదలదు. రాముడు చూసి ఆమెను చంపించమంటాడు. లక్ష్మణుడు చంపలేక వదిలివస్తాడు. ఇదే బొమ్మ కథ కొద్ది మార్పులతో కంబోడియాలోనూ, థాయిలాండ్‌లోనూ ఉంది. గోదావరి ఒడ్డున నూరుతూ దంచుతూ పాడిన స్త్రీలూ, మెకాంగ్ ఒడ్డున నాట్యమాడిన స్త్రీలూ ఒకరినొకరు చూసి ఎరుగరు. వారి సీత మాత్రం ఒక్కటే: చేయని తప్పుకు అనుమానం మోసిన స్త్రీ.

2011లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఏ.కె. రామానుజన్ రాసిన రామాయణాల వైవిధ్య వ్యాసాన్ని చరిత్ర పాఠ్యాంశాల నుంచి తొలగించింది. రామకథ అంటే ఒక్కటే అని శాసించాలన్న తాపత్రయం అలా బయటపడింది. కాని పైన చెప్పినదంతా చూస్తే ఒక్కటే రామాయణం ఏనాడూ లేదు. ఎవరి బాధను వారు, ఎవరి ధర్మాన్ని వారు ఆ కథలో పోసుకున్నారు.

కనుక ఆ పిల్లవాడు మళ్లీ రాముడి కథ అడిగితే మనం భయపడనవసరం లేదు. రామపండితుడి కథ చెప్పవచ్చు: తండ్రి పోయినప్పుడు తమ్ముడిని, చెల్లెలిని కొలనులో నిలబెట్టి మెల్లగా కబురు చెప్పిన అన్న కథ. సాముడి కథ చెప్పవచ్చు: తప్పు చేసిన రాజు నీటికడవ మోసిన కథ. శంబూకుడి కథ కూడా దాచకుండా చెప్పాలి; చెప్పి, నీకేమనిపించిందని అడగాలి. కాలామ సుత్తం కోరేది అదే గదా: విన్నామని గాని, పూర్వులు చెప్పారని గాని, గ్రంథంలో ఉందని గాని నమ్మక, ఏది మేలు చేస్తుందో, ఏది కీడు చేస్తుందో స్వయంగా తెలుసుకొని స్వీకరించమని. పూజ మానుకున్న చేతులు పుస్తకం పట్టుకోవడానికి ఖాళీ అయ్యాయి. రాముడికి సీత ఏమవుతుందని ఆ పిల్లవాడు అడిగితే నవ్వకండి. కూర్చోబెట్టుకొని, ఎవరి కథలో, ఎందుకు, ఏమవుతుందో ఒక్కొక్కటే చెప్పండి.